చట్టము–గృహిణి: పిఠాపురపుటిల్లాలి సాక్ష్యము

క్రింది కోర్టులో ఓడినవారు పై కోర్టునకు అప్పీలు చేసికొనుట మన మెఱిగినదే. పై కోర్టు పని ముద్దాయిని విడుచుటయో, శిక్షను నిలుపుటయో మాత్రమే యని పలువురు తలంతురు. అది సగము మాట. చట్టము చేయువారు నాలుగు పంక్తులు వ్రాసి యూరకుందురు. ఆ పంక్తులలోని యొక్కొక్క మాటకు అర్థమేమో, అది యెంతవఱకు వర్తించునో నిర్ణయించునది అప్పీలు కోర్టు. ఆ నిర్ణయము ఒక్క కుటుంబముతో ఆగక, దాని క్రింది కోర్టులన్నిటిని కట్టివేయును. ఇందులకు మన తెలుగునాటి యింటినుండి బయలుదేఱిన యొక వ్యాజ్యమే చక్కని నిదర్శనము.

పిఠాపురము దివానుగారి కొలువులో ఒక బంట్రోతు ఉండెను. దివానుగారి యల్లుడగు పాకాల నారాయణస్వామి భార్యతో బరంపురమున కాపురముండెను. ఆ భార్య బంట్రోతు నొద్ద కొంచెము కొంచెముగా 3,000 రూపాయలు, సాలునకు నూటికి 18 రూపాయల వడ్డీకి, అప్పు తీసికొనెను. 1937 మార్చి 20వ తేదీని బంట్రోతునకు ఒక యుత్తరము వచ్చెను. దానిలో సంతకము లేదు. అతడు దానిని తన భార్యకు చూపి, అప్పు పుచ్చుకొన్నామె వ్రాసినదనియు, బాకీ చెల్లింతును రమ్మన్నదనియు, తాను బరంపురము పోవుచున్నాననియు చెప్పెను. మఱునాడు రైలెక్కెను. 23వ తేదీని పూరీ స్టేషనున, మూడవ తరగతి బండిలో ఎవరును దించుకొనని ఇనుప ట్రంకుపెట్టె యొకటి కనబడెను. తెఱచి చూడగా అందు ఏడు ఖండములైన శవముండెను. అది తన భర్తదే యని కొన్ని దినములకు ఆ యిల్లాలు గుర్తించెను.

బరంపురపు సెషన్సు జడ్జి నారాయణస్వామికి మరణశిక్ష విధించి, అతని భార్యను నిర్దోషియని విడిచెను. ఒరిస్సా యప్పుడు పాట్నా హైకోర్టు క్రిందనుండుటచే అప్పీలు అచ్చటికి పోయి, శిక్ష స్థిరపడెను. అటనుండి వ్యాజ్యము లండనులోని ప్రీవీ కౌన్సిలునకు చేరెను.

అచ్చట వచ్చిన ప్రశ్న యిది: ఆ యిల్లాలు హత్యను చూడలేదు, భర్త గడప దాటకముందు చెప్పిన మాటను మాత్రమే కోర్టులో చెప్పినది. ఒకరు చెప్పగా విన్నమాట సాధారణముగా సాక్ష్యము కాదు. ఏలయన, ఆ మాట మొదట పలికినవానిని నిలబెట్టి ప్రశ్నించుటకు వీలుండదు. కాని 1872వ సంవత్సరపు సాక్ష్యచట్టము 32వ సెక్షనులో ఒక మినహాయింపు ఉండెను. మరణించినవాడు తన మరణకారణమును గూర్చిగాని, మరణమునకు దారితీసిన వ్యవహారపు పరిస్థితులను గూర్చిగాని చెప్పియున్న మాట చెల్లును. అతడు ప్రయాణమగునాటికి చావు తలంపే లేదు గదా, బాకీకై పోవుచున్నాననుట మరణవాఙ్మూల మెట్లగును? అని ముద్దాయి పక్షమువారు వాదించిరి.

1939 జనవరిలో లార్డు ఆట్కిన్ చెప్పిన తీర్పు ఈ చిక్కును విడదీసెను. ఇంగ్లండు ధర్మమున చచ్చువాడు బ్రదుకుపై ఆశ వదలుకొనియుండవలసియుండెను. మన చట్టమున ఆ నియమము లేదు. మరణభయము పుట్టకముందు పలికినదైనను, ఎచ్చటికి పోవుచున్నాడో, ఎవరు పిలిచిరో తెలుపు మాట ఆ వ్యవహారపు పరిస్థితులలోనిదే. కాని ఆ మాటకు మరణముతో దగ్గఱి సంబంధముండవలెను. నాకెందుకో భయముగా నున్నదను పొడిమాట చాలదు.

ఆ తీర్పే ముద్దాయికిని ఒక రక్షణ నిచ్చెను. దర్యాప్తులో అతడు పోలీసులతో చెప్పిన మాటను సాక్ష్యముగా తీసికొనరాదని నిర్ణయించిరి. నేరమునుగాని, దానికి మూలమైన సంగతులన్నిటినిగాని ఒప్పుకొన్నగాని నేరాంగీకార మనిపించుకొనదనియు తేల్చిరి. ఆ మాటను త్రోసివేసినను మిగిలిన సాక్ష్యము చాలునని అప్పీలును కొట్టివేసిరి. ఆ సాక్ష్యములో, మృతుని యింట దొరికిన సుమారు 50 అప్పు చీట్లును ఉత్తరములును ఉండెను.

అయినను, సాక్ష్యము కోర్టులోనికి వచ్చుట వేఱు, నేరమును ఋజువు చేయుట వేఱు. 1982 జూనులో పూనాలో, వివాహమైన నాలుగు మాసములకే, ఒక యువతి విషముచే మరణించెను. చెల్లెలికిని, స్నేహితురాలికిని ఆమె వ్రాసిన యుత్తరములు కోర్టునకు వచ్చెను. బొంబాయి హైకోర్టు భర్తకు మరణశిక్షను స్థిరపఱచెను. 1984లో సుప్రీంకోర్టున జస్టిస్ ఫజల్ ఆలీ ఉత్తరములు సాక్ష్యమునకు తగినవే యనిరి. అయితే ఆ దుఃఖాక్షరములే ఆత్మహత్యకును అవకాశము చూపుచున్నవి. పరిస్థితుల గొలుసులో ఒక్క కడియైనను తెగియుండరాదనియు, సందేహఫలము ముద్దాయికే చెందుననియు నిర్ణయించి కోర్టు భర్తను విడిచెను. పుట్టింటివారికి ఈ మాట కఠినముగా తోచును. కాని అనుమానము చాలునను ధర్మము నేడు మన పగవానిపై నడచినచో, రేపు మన బిడ్డపైనను నడచును.

శిక్ష విషయమునను ఇట్లే. 1955 వఱకు హత్యానేరమునకు ఉరి వేయనిచో జడ్జి కారణము వ్రాయవలసియుండెను. 1973వ సంవత్సరపు నేరవిచారణ చట్టము దానిని తలక్రిందు చేసి, ఉరి వేయుటకే ప్రత్యేక కారణములు వ్రాయవలెననెను. ఆ చట్టము అమలునకు వచ్చుటకు కొలది వారములముందు, 1974 ఫిబ్రవరిలో, ఆంధ్రప్రదేశమునకు చెందిన యొక పల్లెటూరి యువతి యప్పీలు సుప్రీంకోర్టునకు వచ్చెను. ఆమె మఱియొక స్త్రీని, ఆమె పసిబిడ్డను చంపినట్లు ఋజువయ్యెను. జస్టిస్ కృష్ణయ్యరు నేరపు ఘోరమును మఱువలేదు; కాని ఆమె పిన్నవయస్సును, అత్తవారింటినుండి వెడలగొట్టబడుటను, చిన్నకొడుకు తల్లియగుటను, రెండేండ్లకు పైగా ఉరికై యెదురుచూచుటను కలిపి తూచి, ఉరిని యావజ్జీవశిక్షగా మార్చిరి. నేరముతోపాటు నేరస్థుని బ్రదుకును చూడవలెనను ఈ దృష్టి 1980లో అయిదుగురు న్యాయమూర్తుల తీర్పుతో స్థిరపడెను. మరణశిక్ష అరుదైనవానిలోకెల్ల అరుదైన నేరములకే యని అందు నిర్ణయించిరి.

2024 జూలై 1వ తేదీనుండి క్రొత్త సాక్ష్యచట్టము అమలులోనికి వచ్చెను. పాత 32వ సెక్షనులోని మినహాయింపు అందు 26వ సెక్షనైనది. పిఠాపురపుటిల్లాలి మూలమున తేలిన యర్థము నేటికిని వాడుకలో నున్నది.

కావున సోదరీమణులారా, ఇంటినుండి వెడలువారు ఎచ్చటికి, ఎవరికొఱకు పోవుచున్నామని చెప్పు మాటను చెవినిడి వినుడు. ఆడబిడ్డల యుత్తరములను, అప్పు చీట్లను, నేటి ఫోను సందేశములను చెఱిపివేయక దాచుడు. సాక్ష్యము చెప్పవలసి వచ్చినపుడు విన్నంతయే చెప్పుడు, ఊహను జోడింపకుడు. చేర్చిన యొక్క మాట అడ్డుప్రశ్నలో పట్టుపడినచో, నిజమైన పది మాటలను అది ముంచివేయును.