చక్రాల మీది ఇల్లు: ఏది సౌకర్యము? ఏది డంబము?

ఇటీవల మన పావగడ సీమలో గూడ "కారవాను" అను మాట తరచుగా వినవచ్చుచున్నది. బెంగుళూరునుండి సెలవులకు వచ్చిన కుమారులు, హైదరాబాదు అల్లుండ్రు, అమెరికానుండి దిగిన మనుమలు ఈ మాటను దెచ్చి మన అరుగులమీద పెట్టుచున్నారు. పండుకొనుటకు పరుపు, వండుకొనుటకు పొయ్యి, స్నానమునకు గది గల మోటారు వాహనమట! అద్దెకు దెచ్చి యాత్రలకు బోవుదమని కొందరు, కొనియే వేయుదమని మరికొందరు. కర్ణాటక ప్రభుత్వము తన 2020-25 పర్యాటక విధానమున దీనికి చోటిచ్చినది. కేరళము 2021లో "కేరవాన్ కేరళ" అను పేర ప్రత్యేక విధానమునే ప్రకటించినది. వస్తువు వచ్చినది గనుక, దానిని ఏ కంటితో చూడవలెననునదే ఇప్పటి ప్రశ్న.

ఆ చూపు విషయముననే నాకు తగవున్నది. అమ్మువారి పత్రములు చదివి చూడుడు. మొదటి వరుసలో టెలివిజను. రెండవ వరుసలో రంగురంగుల దీపములు. తరువాత తోలు కుర్చీలు, కాఫీ యంత్రము, పాటలపెట్టె, పైకప్పునుండి నక్షత్రములు చూచుటకు గాజు కిటికీ. నీళ్లతొట్టి ఎన్ని లీటర్లు పట్టునో తెలిసికొనవలెనన్న చివరి పుటలో చిన్న అక్షరములలో వెదకవలెను. మురికినీరు ఎక్కడికి పోవునో ఆ పుటలో గూడ ఉండదు. పెండ్లిచూపులలో పిల్లవాని చేతిగడియారము చూచి పిల్లనిచ్చినట్లున్నది ఈ బేరము.

ఇక రెండవ పక్షమువారు కలరు. "ఇది దొరల వేడుక, మనకేల?" అని వారు పెదవి విరుతురు. ఈ మాట గూడ నేనొప్పను. వెదురు బద్దలు వంచి, పైన చాప గప్పి, లోపల వరిగడ్డి పరచి, దానిమీద కంబళి వేసిన గూడుబండిలో మన తాతలు తిరునాళ్లకు పోయినవారే గదా! బండి క్రింద గోనెపట్టలో చొప్ప, ఒక ప్రక్క లాంతరు, ఒక ప్రక్క కందెన, చేద, చేంతాడు. ఏ వస్తువు ఎందుకున్నదో చిన్నపిల్లవాడు గూడ చెప్పగలిగెడివాడు. 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన మరల ఇల్లు చేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశికి సుమారు నూరుమంది పరివారముతో నడచిరి. డేరాలు, పల్లకీ, వంటసామగ్రి వెంట రాగా ఆయన ఇల్లంతయు కదలినట్లే కదలెను. మన కాలమునకు వచ్చినచో, 1982లో నందమూరి తారకరామారావుగారు పాత షెవర్లే వ్యానును మార్పించి "చైతన్యరథ"మని పేరు పెట్టి, కుమారుడు హరికృష్ణగారు నడుపగా ఊరూరు తిరిగిన కథ తెలుగువారెల్లరు ఎరుగుదురు. రాజకీయములతో మనకిక్కడ పనిలేదు. ఆ బండి చేయవలసిన పనులు రెండు: పైనెక్కి మాటలాడుట, లోపల విశ్రమించుట. బండి ఆ రెండు పనులకే అమరినది. కనుక చక్రాలమీది ఇల్లు మనకు పరాయిది కాదు. పనిని విడిచి మెరుపును కొనుట మాత్రము పరాయిది.

ఈ వాహనము పెరిగిన దేశములలో దాని చుట్టు ఇంకొక ఏర్పాటు గూడ పెరిగినది. అమెరికాలో 1936లోనే ఎయిర్‌స్ట్రీము వారు వెండిరంగు ఇండ్లను మోటారు వెంట లాగునట్లు చేసిరి. జర్మనీలో 1950ల ఆరంభముననే వోక్స్‌వ్యాగను బండ్లలో వెస్ట్‌ఫాలియావారు మంచము, అలమార అమర్చిరి. కాని అక్కడ బండి నిలుపు మైదానమున కొళాయి, కరెంటు, మురికితొట్టి ఖాళీ చేయు గుంట సిద్ధముగా నుండును. అనగా ఇల్లు సగము బండిలో, సగము నేలలో ఉన్నది. మనము సగము మాత్రమే కొని తెచ్చి, రెండవ సగము దైవమున కప్పగించుచున్నాము. అందుచేత అక్కడివారు చూచుకొను గుణములు మనకు చాలవు. మనకు కావలసినది తన సగముతో తానే బ్రతుకగల బండి.

మొదట నీళ్లు. పావగడవారికి నీటిని గూర్చి ఉపన్యాసమీయ నక్కరలేదు; వాన కరవై, బోరునీటిలో ఫ్లోరైడు హెచ్చై, పండ్లు ఎముకలు చెడిన ఊళ్లు మనవి. నలుగురు మనుష్యులు ఎంత పొదుపుగా వాడినను దినమునకు మనిషికి 25 లీటర్లు, వెరసి 100 లీటర్లు. నూరు లీటర్ల తొట్టి గల బండి ఒక్కరోజు ఇల్లు మాత్రమే. మరునాడు ఆ నీళ్లు ఎవరి కొళాయినుండి పట్టుదురు? బిందెలు వరుసగా పెట్టుకొని నిలిచిన పల్లెలో పైపు దించి నూరు లీటర్లు లాగుకొనుట విహారమందురా? తాగునీటికి వేరు పాత్ర, తొట్టిలో నీటిమట్టము చూపు ముల్లు, సన్నధార కొళాయి, తొట్టిలోపల చేయి పెట్టి కడుగుటకు వీలైన మూత, ఈ నాలుగు లేని బండిని ముట్టవద్దు.

వచ్చిన నీరు పోవలెను గదా! స్నానపు నీరు ఒక తొట్టికి, మరుగుదొడ్డి మలినము మరియొక తొట్టికి చేరవలెను. చిన్న బండ్లలో మలినమునకు చేతితో తీయు పెట్టె యుండును. అది పట్టునది సుమారు 20 లీటర్లే. నలుగురికి రెండు రోజులు వచ్చుట కష్టము. నిండిన తరువాత? ఇక్కడనే మన మర్యాద తేలును. చీకటివేళ చెరువుగట్టున బండి నిలిపి మూత త్రిప్పి పోవువాడు, పగటివేళ శుచి శుభ్రము లెంత చెప్పినను, ఆ ఊరికి శత్రువే. శనివారములలో మన శనిమహాత్ముని గుడికి వచ్చు జనసందోహమును తలచుకొనుడు. అందు పది బండ్లు ఇట్టి పని చేసినచో ఆ పరిసరముల గతి యేమి? కనుక "ఈ పెట్టె ఎంత పట్టును, ఎట్లు తీయుదురు, ఎక్కడ పారబోయుదురు?" అని మొదటనే అడుగుడు. అద్దెకిచ్చువాడు నవ్వి మాట దాటవేసినచో లేచి రండు.

బరువు మాట. లీటరు నీరు ఒక కిలో గనుక నూరు లీటర్ల తొట్టి నూరు కిలోలు. దానికి తోడు మంచములు, అలమారలు, బ్యాటరీలు, ఆపైన మన బియ్యపు సంచి, ఊరగాయ జాడీలు. రిజిస్ట్రేషను పత్రములో ఖాళీ బరువు, గరిష్ఠ బరువు రెండును వ్రాసియుండును. వాని భేదమే మీ సొత్తు. నీళ్లు నింపి, మనుష్యులను కూర్చుండబెట్టి కాటా మీద తూచి చూచినగాని నమ్మరాదు. తొట్టి క్రిందుగా, ఇరుసుల నడుమ ఉండవలెను. పైకప్పుమీద బరువు పేర్చిన ఎత్తైన బండి ఘాటుమలుపులో తూలును.

ఇంతకంటె ముఖ్యమైనది గాలి. 2024 డిసెంబరులో కేరళమున వడకర వద్ద రోడ్డుప్రక్క నిలిపిన కారవానులో ఇద్దరు మనుష్యులు ప్రాణములు విడిచిరి. దెబ్బ లేదు, దొంగ లేడు. జనరేటరునుండి వెలువడిన కార్బన్ మోనాక్సైడు లోపలికి చేరుటయే కారణమని నిపుణుల పరీక్షలో తేలినది. ఆ వాయువునకు రంగులేదు, వాసనలేదు, నిద్రపోవువానిని లేపదు. చల్లదనము కొరకు తలుపులు బిగించి, క్రింద యంత్రము నడపి పండుకొనుట చితి పేర్చుకొనుటయే. ఆ వాయువును పసిగట్టి మ్రోగు చిన్న గంట బండి వెలలో లెక్కకు రానంత చౌక. అయినను అమ్మువారి పత్రములలో దానికి చోటుండదు, రంగుదీపములకు ఉండును! వంటగ్యాసు గాలికంటె బరువు గనుక నేలను పట్టుకొని ప్రాకును. కాబట్టి సిలిండరు వేరు గదిలో, బయటి తలుపుతో, అడుగున రంధ్రముతో నుండవలెను. నిప్పంటుకొన్నప్పుడు బయటపడుటకు రెండవ దారి యుండవలెను. అది ముసలివారు దూరగలిగిన దారి కావలెను. సర్కసువారు దూరునది కాదు.

సూర్యుని మాటకు వత్తము. 2,050 మెగావాట్ల సౌరవనము గల తాలూకా మనది. తిరుమణి మొదలు ఐదు గ్రామములలో 13,000 ఎకరములు పలకలతో కప్పబడియున్నవి. అట్టి మనకు బండిమీది పలకను చూపి "కరెంటు ఉచితము" అని చెప్పువారు కలరు! లెక్క చూతము. పైకప్పుమీద 400 వాట్ల పలకలు మంచి ఎండలో రోజునకు సుమారు రెండు యూనిట్ల లోపు ఇచ్చును. శీతలయంత్రము గంటకు సుమారు ఒక యూనిటు మింగును. 12 వోల్టుల 100 ఆంపియరు-గంటల బ్యాటరీలో ఉన్నదే 1.2 యూనిట్లు; అది పాతరకపు సీసపు బ్యాటరీ యైనచో సగముకంటె తోడరాదు. అనగా రాత్రంతయు చల్లగా పండుకొందురనుట మాయమాట. పైగా ఎండలో నిలిపినగాని పలక పనిచేయదు, నిలిపినచో లోపల కుంపటి యగును. మందమైన గోడలు, ఎదురెదురు కిటికీలు, దోమతెర, బ్యాటరీతో తిరుగు విసనకఱ్ఱ: ఇవి మన వేసవికి తగిన సౌకర్యములు. చింతచెట్టు నీడ దొరికినచో మరియు మంచిది.

వంటగది విషయమున ఆడవారిని అడిగినవారెందరు? విహారమని పేరు, ఇంటిలోని చాకిరి అంతయు నాలుగడుగుల సందులోనికి మారినది! బండిలోపల ఎండుమిరపకాయ పోపు పెట్టినచో ఆ ఘాటు మూడురోజులు పరుపులను వదలదు. ప్రక్కకు లాగు పందిరిగుడ్డ, బయటకు తీసి పెట్టుకొను పొయ్యి యుండవలెను. పొయ్యి బయట నున్నచో మగవారికి గూడ గరిటె అందును; ఇది నా ఇంటిలో చదువరాదని మనవి.

ఎక్కు మెట్టు ఎత్తు, పట్టుకొను కమ్మి చూడుడు. కదలుచున్న బండిలో మంచముమీద ఎవరును పండుకొనరాదు. ఎందరు ప్రయాణింతురో అన్ని బెల్టు గల ఆసనము లుండవలెను.

చట్టము మనకు అందరికంటె దగ్గర, ఏలయన మూడువైపుల ఆంధ్ర సరిహద్దే. తుమకూరుకంటె హిందూపురము చేరువ. చుట్టములు మడకశిరలో, సంత ఇంకొక రాష్ట్రములో. అద్దెబండి యైనచో అఖిలభారత పర్యాటక పర్మిట్టు లేనిదే గడప దాటరాదు. పాత వ్యానును కొని మన వడ్రంగిచేత మంచములు కొట్టించుకొందమను వారికి మరియొక మాట: మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను అట్టి మార్పులను అడ్డుచున్నది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు గూడ దానిని గట్టిగా చెప్పినది. ఈ బండ్లకు ఏ.ఐ.ఎస్. 124 అను ప్రమాణము కలదు. ఆ ధ్రువపత్రము చూపుమనుడు.

చివరకు వెల. సౌరవనమునకు భూములిచ్చిన మన రైతులకు ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలతో కౌలు మొదలైనది. ఆ లెక్కన ఐదెకరముల వానికి లక్షా ఐదువేలు. ఇరువది లక్షల బండికి నూటికి పది వడ్డీ యన్నను ఏటికి రెండు లక్షలు. ఐదెకరముల కౌలు వడ్డీలో సగమును కొంచెము మాత్రమే దాటును. అసలు మాట తలచనే వద్దు. భూమి లేక, ఆ పొలములలో కూలియు పోయిన ఇరుగుపొరుగు చూచుచుండగా ఏడాదికి పది దినములు కదలి, తక్కిన దినములు వాకిట తుప్పుపట్టు బండికి ఈ సొమ్ము పోయుదురా? నలుగురైదుగురు బంధువులు కలసి పండుగకు అద్దెకు తెచ్చుకొనుటకు నాకడ్డులేదు.

కొనియే తీరుదమను వారు బయానా ఇచ్చుటకు ముందు, నడివేసవిలో ఆ బండినే ఒక పగలు ఒక రాత్రి అద్దెకు దెచ్చుకొనుడు. నీళ్లు నింపి, తల్లిదండ్రులను ఎక్కించి, నిడగల్లు దాక పోయి, అక్కడ వండుకొని, పండుకొని రండు. తెల్లవారి బేరమునకు కూర్చున్నప్పుడు మీ తల్లిగారిని గూడ ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. మరుగుదొడ్డి పెట్టెను మీ చేతులతోనే కడిగి అప్పగింపుడు.