పేరు పెట్టాం, పిలవం

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్లని సామెత. శంఖం మాని చెయ్యి ఊపితే ఏమవుతుందో ఆ సామెత చెప్పలేదు. ఆరు నెలలుగా మా యింట్లో అదే చూస్తున్నాం.

వీధిలో దెబ్బతిని మా అరుగెక్కిన తెల్ల కుక్కపిల్లను పెంచుకున్నాం. పక్కన పళ్ళెం జారిపడినా అది చెవి కదపలేదు. పశువైద్యుడు చూసి పుట్టుచెవుడన్నారు. రంగునిచ్చే కణాలు లోపలి చెవిలో లేకపోతే, పుట్టిన కొద్ది వారాలకే వినికిడి కణాలు నశిస్తాయట. అందుకే తెలుపు ఎక్కువగా వున్న కుక్కల్లో యీ చెవుడు ఎక్కువ. డాల్మేషియన్ జాతి యిందుకు పెట్టింది పేరు.

"వినపడనిదానికి పేరెందుకండీ?" అంది మా ఆవిడ. తెలుగు మేష్టారిని గదా! సంబోధన లేని నామవాచకమైనా సరే వుండాలని 'మల్లి' అన్నాను. మా అమ్మాయి నుదుట రెండు వేళ్ళు ఆనించి చూపింది. మల్లికి తెలిసిన పేరు అదే.

గుప్పిట విప్పితే రమ్మని, అరచెయ్యి చూపితే ఆగమని, బొటనవేలెత్తితే శభాషని అర్థం. మొదట్లో ప్రతి సంజ్ఞకూ ఓ రొట్టెముక్క లంచం! రాత్రి పెరట్లో వుంటే టార్చిలైటు రెండుసార్లు వెలిగించి ఆర్పుతాం. నిద్రలో వెనకనుంచి ముట్టుకుంటే ఉలిక్కిపడి కరవవచ్చు. నేలను కాలితో తడితే ఆ అదురుకే లేస్తుంది. హారను వినపడదు కనుక గొలుసు లేకుండా వీధిలోకి పంపం.

చెవులు మందగించిన మా అమ్మను మనవలిప్పుడు వెనకనుంచి కేకలెయ్యరు; ఎదురుగా వచ్చి, చెయ్యి తాకి మాట్లాడతారు. "ఎవరు నేర్పార్రా?" అని ఆవిడ అడిగితే, నుదుట రెండు వేళ్ళు ఆనించి చూపారు.