పగవాని పూర్వకథ యెవరికి అడ్డము?

జపాను దేశపు బొమ్మల చిత్రమును గూర్చి మన సంఘపు సంచికలో వ్యాసమేమని పెద్దలు కొందరు ముక్కుమీద వ్రేలు వేసికొనవచ్చును. అంతకుముందు తమ యింటి పిల్లలు సెలవుదినములలో ఏమి చూచుచున్నారో ఒక్కమారు తొంగిచూడుడని మా మనవి. 2025వ సంవత్సరము సెప్టెంబరు 12వ తేదీన ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్’ అను చిత్రము మన దేశమున విడుదలయ్యెను. జపాను, ఇంగ్లీషు, హిందీ, తమిళ భాషలతోపాటు తెలుగున కూడ వచ్చెను. ఉగాదికి మా గడప త్రొక్కని బంధువుల పిల్లలు ఈ చిత్రమునకు బస్సెక్కి వచ్చిరి. చూచినది మొదలు రెండు పక్షములుగా చీలి వాదించుకొనుచున్నారు. మహాద్భుతమని ఒక పక్షము. బొమ్మ బాగున్నదిగాని యుద్ధము నడుమ పూర్వగాథలు చొప్పించి సాగదీసిరని మరియొక పక్షము. ఈ రెండవ పక్షమువారు చదువుకొన్నవారు, మాటకారులు. వారితోనే మాకు పేచీ.

కథ నెరుగని పెద్దలకొరకు నాలుగు మాటలు. గొతోగె కొయొహరు అను రచయిత 2016 మొదలు 2020 వరకు ఒక వారపత్రికలో నడపిన బొమ్మల కథకు ఇది చలనరూపము. ఆ కథ 23 సంపుటములుగా వెలువడినది. కొండమీద బొగ్గు కాల్చి అమ్ముకొను తంజిరో అను బాలుని కుటుంబమును ఒక రాక్షసుడు చంపును. బ్రతికిన చెల్లెలు నెజుకో రాక్షసిగా మారును. ఆమెను తిరిగి మనిషిని చేయవలెనని ఆ బాలుడు కత్తిపట్టి రాక్షససంహారము చేయు దళములో చేరును. ఈ కథలోని రాక్షసులు పుట్టుకతో రాక్షసులు కారు. ముజాన్ అను మూలరాక్షసుని రక్తము సోకి మారిన మనుష్యులు. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. మా వాదమంతయు దీనిమీదనే నిలిచియున్నది.

ఈ కథ 2019లో టెలివిజనున ధారావాహికగా మొదలైనది. 2020లో ‘ముగెన్ ట్రెయిన్’ అను చిత్రముగా వచ్చి జపానులో అంతవరకు ఏ చిత్రమును ఆర్జింపనంత ధనము నార్జించెను. ఆ చిత్రము చివర రెంగోకు అను మహావీరుడు అకాజా అను రాక్షసుని చేతిలో ప్రాణము విడుచును. తెల్లవారుచుండగా అకాజా సూర్యకాంతికి భయపడి అడవిలోనికి పరుగెత్తును. తంజిరో వెనుకనుండి కత్తి విసరి, ఏడ్చుచు, పిరికివాడా యని అరచును. ఆ అరపు పిల్లల చెవులలో నిలిచిపోయినది. ఐదేండ్లు వారందరును ఒక్క దానికొరకే వేచియుండిరి: అకాజా తల తెగిపడవలెను, తాము కన్నులార చూడవలెను.

2025 నాటి చిత్రములో ఆ కోరిక తీరినది. తీరిన తీరే కొందరికి నచ్చలేదు.

చిత్రము నిడివి 155 నిమిషములు. సొతొజాకి హరువో దర్శకుడు, యూఫోటేబుల్ అను సంస్థ నిర్మించినది. రాక్షసుల కోటకు నేల యెక్కడనో పైకప్పు యెక్కడనో తెలియదు. గదులు తలక్రిందులుగా వ్రేలాడుచుండును. నకిమె అను రాక్షసి తంతివాద్యము నొకమారు మీటినంతనే వరుసలు వరుసలు గదులు కదలిపోవును. ఆ కోటను చిత్రించిన తీరును గూర్చి యే పక్షమునకును భేదాభిప్రాయము లేదు. మయసభను గూర్చి వినుటయే గాని చూచినవారము కాము. చూచినచో ఇంచుమించుగా ఇట్లే కన్ను చెదరియుండును. ఈ కోటలో మూడు ద్వంద్వయుద్ధములు జరుగును. షినోబు అను వనిత తన అక్కను చంపిన దోమాతో పోరును. జెనిత్సు అను బాలుడు గురుద్రోహియైన తన సహాధ్యాయి కయిగాకుతో పోరును. చివరకు తంజిరోయు గియూయు అకాజాతో తలపడుదురు.

షినోబు అక్కను తలచుకొనును. జెనిత్సు గురువును తలచుకొనును. ఆ తలపులును పూర్వకథలే. వానిని గూర్చి సాగదీసిరన్న మాటను మేము ఎవరినోటను వినలేదు. పైగా కన్నీరు పెట్టుకొన్నామని చెప్పినవారే యెక్కువ. ఫిర్యాదంతయు అకాజా పూర్వకథ మీదనే. మా పెద్ద మనుమడు సభలో తీర్మానము ప్రవేశపెట్టువాని వలె లేచి నిలిచి, “తాతా, ఆ రాక్షసుడి కథ ఎవరడిగినారు? వాడు చచ్చినాడా లేదా, అంతే కదా!” అని పలికెను. మంచిది. ఎవరడిగినారో చూతము.

అకాజా పూర్వనామము హకుజి. పేదవాడు. తండ్రి రోగి. మందులకు డబ్బు లేక దొంగతనము చేసి పట్టువడి దెబ్బలు తిని, చేతులపై దొంగలకు పొడుచు పచ్చబొట్టు ముద్రలను మోసెను. తనకొరకు కొడుకు చెడుట చూడలేక, నిజాయితీగా బ్రతుకుమని వ్రాసిపెట్టి తండ్రి ఉరివేసికొనెను. దిక్కులేని ఆ కుర్రవానిని కేయిజో అను మల్లవిద్యాగురువు చేరదీసి, తన జబ్బుమనిషియైన కూతురు కొయుకికి పరిచర్య చేయ నియమించెను. ఆ పిల్ల రాత్రులందు పడు బాధలో ప్రక్కన కూర్చుండి తడిబట్ట వేసినవాడు వాడే. ఏండ్లు గడచి ఆమె కోలుకొనెను. పెండ్లి నిశ్చయమయ్యెను. బాణసంచా వేడుక చూచుటకు పోదమని మాటయిచ్చుకొనిరి. ఈ శుభవార్త తండ్రి సమాధివద్ద చెప్పుకొని వచ్చులోపల పొరుగు విద్యాశాలవారు అసూయతో బావిలో విషము కలిపిరి. గురువును, పెండ్లికూతురును మరణించిరి. హకుజి వట్టిచేతులతో ఆ శాలలోని 67 మందిని చంపెను. అప్పుడు ముజాన్ వచ్చి వానిని రాక్షసునిగా మార్చెను. జ్ఞాపకము పోయినది, బలహీనులన్న అసహ్యము మాత్రము మిగిలినది. అయినను వాడు యుద్ధమున కాలు మోపినప్పుడు నేలపై విరియు మంచుస్ఫటికపు ఆకృతి ఆ పిల్ల జడలోని నగ ఆకృతియే. స్త్రీలపై వాడు చేయి చేసికొనడు. ఎందులకో వానికే తెలియదు.

ఇక ఫిర్యాదుదారులు గమనింపని ముఖ్యాంశము. తంజిరో అకాజా తల నరకును. ఈ కథలో సామాన్యముగా తల తెగిన రాక్షసుడు భస్మమగును. అకాజా కాడు. తల లేని మొండెము నిలుచును, కొట్టును, మరల తలను మొలిపించుకొన యత్నించును. రావణునకు తెగిన తల తెగినట్లే మరల మొలచినదని రామాయణములో విన్నవారము మనము. అచట రాముని అస్త్రము గుండెను కొట్టినగాని పని జరుగలేదు. ఇచట తంజిరో చేతిలో అట్టి అస్త్రము లేదు. అలసి మూర్ఛపోవు స్థితిలో ఉన్నాడు. అప్పుడు అకాజాకు జ్ఞాపకము తిరిగివచ్చును. తాను అసహ్యించుకొన్న బలహీనుడు మరెవ్వరును కాడు, కాపాడవలసిన వారిని కాపాడలేకపోయిన తానే యని తెలియును. తన దెబ్బను తనమీదనే వేసికొని, కొయుకిని తలచి, మరల మొలచుట మానుకొనును. వానిని చంపినది ఆ జ్ఞాపకము. యుద్ధమును ఆపివేసి పూర్వకథ చెప్పిరనుట యెంత అన్యాయము! పూర్వకథయే కడపటి యాయుధము. దానిని కత్తిరించినచో మీ యకాజా నేటికిని ఆ కోటలో తల లేకుండ నిలిచియుండును.

అయినను ఫిర్యాదు ఎందుకు పుట్టినది? మా యూహ యిది. వారు పగ తీర్చుకొనుటకు వచ్చిరి. రెంగోకును చంపినవాడు హీనముగా చావవలెనని ఐదేండ్లు మనసులో ఉడుకెత్తి వచ్చినవారి చేతిలో దర్శకుడు శత్రువుయొక్క జీవితమును పెట్టెను. పగ పట్టినవానికి పగవాని కష్టము వినుటకంటె దుర్భరమైన పని లేదు. ఆ కష్టమునకు వారు పెట్టిన పేరు ‘నిడివి’. గడియారముతో కొలిచి చూపినట్లుండును, మనసులోని సంగతి బయటపడదు. నలువది సంవత్సరములు దస్త్రములు కట్టిన అనుభవముతో చెప్పుచున్నాము: ఇష్టములేని అర్జీని త్రోసివేయుటకు ‘మిక్కిలి పొడవుగా నున్నది’ అని వ్రాయుట పాత పద్ధతి.

చిత్రము అకాజాను నిర్దోషి అనలేదు. రెంగోకు తిరిగి రాలేదు. తంజిరో కత్తి దించలేదు, నరికినాడు. జాలియు దండనయు ఒకే చోట నుండవచ్చునని చూపినది, అంతే. ఇది మన పిల్లలకు క్రొత్తగా తోచుట మాకు వింత. తంజావూరు ప్రాంతమున మేలట్టూరులో నేటికిని నరసింహజయంతి దినములలో భాగవతమేళము తెలుగునందే ఆడుదురు. వేంకటరామశాస్త్రిగారి ప్రహ్లాద చరిత్రములో హిరణ్యకశిపుని పాత్ర యెంత గంభీరమో చూచినవారెరుగుదురు. ఆ హిరణ్యకశిపుడు ఎవడు? వైకుంఠద్వారమున నిలిచిన జయవిజయులలో ఒకడు, మునుల శాపముచే రాక్షసుడైనవాడు. ఆ పూర్వకథ తెలిసిన ప్రేక్షకునకు వాని మరణము వట్టి శిక్షగా తోచదు. ఇంటికి పోవుటగా తోచును. అకాజాకు దేవతల శాపము లేదు. దరిద్రమును, పొరుగువాని యసూయయు ఉన్నవి. అందుచేత వాని కథ మరింత కటువు.

మరియొక చిన్న గుంపు కలదు. బొమ్మల పుస్తకమున చదివితిమి, ముగింపు తెలియును, క్రొత్తదన మేమున్నదని వారి మాట. మేలట్టూరులో స్తంభమునుండి నరసింహుడు వెలువడునని తెలియక ఏటేట జనము చేరుచున్నారా? వీరికి ఇంతకంటె సమాధానము అనవసరము.

అసంతృప్తులు చెప్పినదంతయు త్రోసివేయుట మా యభిమతము కాదు. మూడు భాగముల కథలో మొదటి భాగమే యిది. యుద్ధము సగములోనుండగా దీపములు వెలిగింతురు. మూడు టిక్కెట్లు కొనవలసిన తల్లిదండ్రుల ఫిర్యాదు న్యాయమైనది. ఇక వీరులు దెబ్బ దెబ్బకు ఆగి తమ విద్య నెట్లు ప్రయోగించుచున్నారో తామే వ్యాఖ్యానించుకొందురు. అది మాకును విసుగు పుట్టించినది. తోలుబొమ్మలాటలో కేతిగాడును బంగారక్కయు నడుమ వచ్చి కథ నాపుదురు గాని, వారు నవ్వించి పోవుదురు. ఈ వీరులు నవ్వింపరు. కత్తెర వేయదలచినవారు అచట వేయుడు.

ఇక మాకు మిక్కిలి మనస్తాప కలిగించిన మాట. ఈ పక్షములోనివారే, ‘తెలుగున చూచిన మీకేమి తెలియును, జపాను భాషలో క్రింద ఇంగ్లీషు అక్షరములు చదువుకొనుచు చూడవలెను’ అనుచున్నారు. ఆ జపాను నటుల గొంతులలో నైపుణ్యము లేదని మేమనము. చూడదలచినవారు అట్లే చూతురుగాక. తెలుగు మాటను తక్కువచేయుట యెందులకు? మూలమునే చదువవలెనని రాజమహేంద్రవరములో నన్నయభట్టుకు ఎవరైన అడ్డుచెప్పియున్నచో మనకు భారతమెక్కడిది? చలనచిత్రములలో సైతము 1950లో హిందీనుండి తెలుగు చేసిన ‘ఆహుతి’కి మాటలు పాటలు వ్రాసినవారు శ్రీశ్రీగారు. ఆయనకు తక్కువ కాని పని వీరికి తక్కువయ్యెనా?

రాయవేలూరు వంటి ఊళ్లలో తరతరములుగా నున్న మనకు ఈ ప్రశ్న వినోదమునకు సంబంధించినది కాదు. 2006లో ఈ రాష్ట్రమున బడులలో తమిళమును నిర్బంధముగా నేర్పు చట్టము వచ్చినది. ఈ నేల అన్నము తిన్నవారము. తమిళము నేర్చుటకు మాకు ఆక్షేపణ లేదు. అయితే మా మనుమలకు తెలుగు చెవికి తెలియును, కంటికి తెలియదు. పత్రిక యిచ్చిన తలక్రిందులుగా పట్టుకొందురు. ఇంటిలో వినుచున్న తెలుగు, అన్నము తిన్నావా, తలుపు వేసితివా యనువరకే. శౌర్యము, పశ్చాత్తాపము, ప్రతిజ్ఞ అను మాటలను వారు తెలుగున విను చోటు ఏది? మేము చిత్తూరు మీదుగా తిరుపతికి పోయి ఆ చిత్రమును తెలుగున చూచితిమి. పిల్లల అవ్వయు వచ్చినది. ఆమెకు ఇంగ్లీషు రాదు, రాక్షసుల పేర్లును రావు. కొయుకి మరణించినప్పుడు కొంగు కన్నులకు అద్దుకొని, “బావిలో విషం పోసినోళ్లకు ఏమయింది?” అని అడిగెను. పిల్లలు ఇరువురును ఒక్కసారిగా ఆమె చెవిలో జవాబు చెప్పిరి, తెలుగున. నిడివి యెక్కువయ్యెనని ఆమె అనలేదు. క్రింది అక్షరములను పట్టుకొనుటకు పరుగెత్తువానికి పూర్వకథ పొడవుగా తోచుటలో ఆశ్చర్యము లేదు. వానికి ఆ పిల్ల ముఖము చూచుటకు తీరిక యేది?

తరువాతి భాగము వచ్చునప్పుడు మన ఊరి థియేటరులో తమిళ ప్రదర్శనలతోపాటు ఒక్క ఆటయైనను తెలుగున వేయవలెనని యజమానులకు సంఘము పక్షమున విన్నపము వ్రాయుట యుక్తము. ముసాయిదా మేము సిద్ధము చేసి కార్యదర్శిగారి కిచ్చితిమి. సంతకములు కావలసియున్నవి, ‘సాగదీసిరి’ పక్షమువారి సంతకములను కూడ స్వీకరింతుము.