పింఛనుకు తెలిసిన గడప పడవకు తెలియదా?

2024 సెప్టెంబరు 1 ఆదివారం. సెలవు కాబట్టి ఆ నెల పింఛను ఒకరోజు ముందే, ఆగస్టు 31నే, ఇంటింటికీ చేర్చాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏర్పాటు చేసింది. ఆ ఆదివారమే బుడమేరు వాగు పొంగి విజయవాడ మీద పడింది. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏ వీధిలో ఏ ఇంట్లో వికలాంగుడున్నాడో, వైకల్యం ఎంత శాతమో, మంచం దిగగలడో లేదో సర్కారుకు తెలుసు. ఎవరికి ఆరు వేల పింఛను, ఎవరికి పదిహేను వేలు అని తేల్చింది ఆ లెక్కతోనే. మరి నీళ్లొచ్చిన రోజున పడవెక్కే సిబ్బంది చేతిలో ఆ జాబితా ఉండాలా, వద్దా?

ఉండాలని చట్టమే చెబుతోంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 8వ సెక్షన్ ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ తన జిల్లాలోని వికలాంగుల వివరాలు నమోదు చేసి ఉంచాలి. ముప్పు ముంచుకొస్తోందంటే వాళ్లకు తెలిసేలా చూడాలి. ఆ సంస్థకు అధ్యక్షులు సాక్షాత్తూ కలెక్టరే. దీనికి తోడు జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2019లో మార్గదర్శకాలూ ఇచ్చింది. ఇక ఎవరి ఆదేశం కోసం చూస్తున్నారు?

తుఫాను వస్తోందంటే ఆటోకు మైకు కట్టి ఊరంతా తిప్పుతారు. వినికిడి లేనివాళ్లకు ఆ మైకు ఏం చెబుతుంది? ‘లోతట్టు ప్రాంతాలవారు వెంటనే ఖాళీ చేయాలి’ అంటారు. మోకాలి లోతు నీళ్లలో మూడు చక్రాల బండి నడుస్తుందా? ముప్పయ్యేళ్ల కొడుకును అరవయ్యేళ్ల తల్లి భుజాన వేసుకుని నడుస్తుందా? నడవలేదు. వాణ్ని వదిలి పోనూ లేదు. అందుకని అక్కడే ఉండిపోతుంది. అప్పుడు మనవాళ్లు అనే మాట: ‘ఎంత చెప్పినా వినలేదండీ.’ ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. ఆ కొడుకును మోసుకెళ్లడానికి మనిషినీ బండినీ పంపకుండా, వినలేదన్న నింద కూడానా!

తీరా షెల్టరు దాకా వస్తే అక్కడ మెట్లు. మరుగుదొడ్డి తలుపులో వీల్‌చైరు పట్టదు. వందలమంది రొదలో ఆటిజం ఉన్న పిల్లాడు బెదిరి కేకలు పెడితే, అందరూ తల్లినే విసుక్కుంటారు. కరెంటు పోతే ఆక్సిజన్ మిషన్ ఆగిపోతుంది. ఫిట్స్ మాత్రలు ఉన్నట్టుండి ఆగితే ఫిట్స్ తిరగబెడతాయి. విజయవాడలో డ్రోన్లతో అన్నం పొట్లాలు చేరవేశారు. మంచి పనే. కానీ మేడ మీదికి ఎక్కలేనివాడు ఆ పొట్లం అందుకునేదెలా?

ఇంట్లోవాళ్లు చేసుకోవలసినదీ ఉంది, కాదనను. వారానికి సరిపడా మందులు, డాక్టరు చీటీ, వైకల్యాన్ని నిర్ధారించే సదరం సర్టిఫికెట్ నకలు, ఛార్జి చేసిన పవర్‌బ్యాంకు ఒక ప్లాస్టిక్ సంచిలో సర్ది పెట్టుకోండి. ఎత్తి దించడానికి వీధిలో ఇద్దరు కుర్రాళ్లతో ముందే మాట్లాడుకోండి. అయితే ఈ సంచి చూపించి ప్రభుత్వం చేతులు దులుపుకుంటానంటే ఒప్పుకునేది లేదు. ఎవరిని ఎవరు, ఏ బండిలో, ఎక్కడికి చేర్చాలో ప్రతి గ్రామ, వార్డు సచివాలయం వానలకు ముందే పేరుపేరునా రాసుకోవాలి. మాక్ డ్రిల్లు చేస్తే నడవలేని మనుషుల్నే పిలిచి, వాళ్ల మాట ప్రకారం, వాళ్లు చెప్పిన పద్ధతిలో ఎత్తి దించి నేర్చుకోవాలి.

పింఛను ఇచ్చాం కదా అనేవాళ్లకు ఒకటే జవాబు: ప్రాణం ఉంటేనే కదా పింఛను.

కృష్ణా అయినా, కాకినాడ అయినా, శ్రీకాకుళం అయినా, మీ కలెక్టరేటుకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 8వ సెక్షన్ చెప్పిన ఆ రికార్డు ఉందా, చివరిసారి ఎప్పుడు సరిచూశారు, వరదొస్తే అది ఎవరి చేతికి వెళుతుంది అని అడగండి. పది రూపాయల ఫీజు. ముప్పై రోజుల్లో జవాబివ్వడం వాళ్ల బాధ్యత.