మూడు సంచులు అరిచాయి, రెండు ఊరుకున్నాయి

జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ పెద్దలకు, టెలికాం శాఖ అధికారులకు, కోలారు జిల్లా వేమగల్ నుంచి ఈ జాబు.

నేను టమాట వేస్తాను. రెండు ఆవులున్నాయి, రెండు పూటలా డైరీకి పాలు పోస్తాను. ఈ జిల్లాలో చాలామందికి లాగే నాకూ ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. తెలుగు అక్షరాలు మా అమ్మ నేర్పింది, ఆమె పుట్టిల్లు పుంగనూరు వైపు. అందుకే ఈ జాబు తెలుగులో రాయగలుగుతున్నాను. ఇది మీకు ఇంకెవరో చదివి చెప్పాల్సి వస్తే విసుక్కోకండి. మీరు పంపిన మెసేజీ మాకూ ఇంకెవరో చదివే చెప్పారు. అక్కడికి అక్కడికి చెల్లు.

2023 అక్టోబరు 12న కర్ణాటకలో ఫోన్లకు అత్యవసర హెచ్చరిక పరీక్ష పెట్టారు కదా, ఆ రోజు మా చేలో కాయ కోత. ఐదుగురు ఆడవాళ్లు వచ్చారు. గట్టు మీద కానుగ చెట్టుంది. దాని కొమ్మలకు సంచులు తగిలించి సాళ్లలోకి దిగడం వాళ్ల అలవాటు. సంచిలో సద్ది గిన్నె, నీళ్ల సీసా, ఆకువక్క తిత్తి, అడుగున ఫోను. బాక్సులు సగం నిండాయో లేదో, చెట్టు అరిచింది. అవును, మాకు చెట్టే అరిచినట్టు వినబడింది. అది ఫోను మోగే మోత కాదు, అంబులెన్సు కూతా కాదు. కొమ్మ మీది కాకులు లేచిపోయాయి. ఐదుగురూ చేతిలో కాయలు చేతిలోనే పెట్టుకుని నిలబడిపోయారు. దగ్గరికి పోయి చూస్తే మూడు సంచులు అరుస్తున్నాయి, రెండు ఊరుకున్నాయి.

ఒకామెకు ఏడుపొక్కటే తక్కువ. ఆమె ఆడవాళ్ల సంఘంలో అప్పు తీసుకుంది, ఆ వారం కంతు తప్పింది. "ఏమప్పా ఇది, కంతు కట్టలేదని ఇట్ల గూడా అరిపిస్తారా?" అని నన్నే అడిగింది. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. పేదోళ్ల ఫోనుకు బయటినుంచి వచ్చే మాటల్లో ఎక్కువ భాగం బాకీ మాటలే. బ్యాంకు ఖాతా ఆగిపోతుంది, ఆధారు చెల్లదు, పోలీసులం మాట్లాడుతున్నాం అంటూ వచ్చే దొంగ ఫోన్లు వేరే. ఇన్నేళ్లుగా ఫోను వాళ్లను ఇట్లా బెదరగొట్టి పెట్టింది. దానిమీదికి మీ అరుపు వచ్చి పడింది.

ఐదుగురిలో పీయూసీ దాకా చదివిన అమ్మాయి ఒకతె ఉంది. ఆ పిల్లే ఫోను తీసి చదివింది. పైన 'ఎమర్జెన్సీ అలర్ట్: సివియర్' అనుంది. సివియర్ అంటే ఏమే అని అడిగితే, "ఆస్పత్రిలో జరం సివియర్‌గా ఉందంటారు సూడు, అదే" అంది. అంతే, అందరి మొహాలూ మాడిపోయాయి. కింద ఇంగ్లీషులో ఇంకా నాలుగైదు వరుసలు. ఆ పిల్ల పెదాలు కదుపుకుంటూ చివరిదాకా చదివి, తలెత్తి చెప్పింది: "ఇది ఉత్త పరీక్షంట. మనం ఏమీ చెయ్యొద్దంట. పట్టించుకోవద్దని రాసుండారు."

అప్పుడు వాళ్లలో పెద్దావిడ అన్న మాటకే నేను ఈ జాబు రాస్తున్నాను. "పట్టించుకోవద్దని చెప్పేదానికి ఇంత అరుపెందుకే?"

అయ్యా, ఆవిడ ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఊరంతా ఉలిక్కిపడేలా అరిచి, తిరిగి చూసినవాళ్లతో దీన్ని విడిచిపెట్టండి అంటే వాళ్లకు ఏం నేర్పినట్టు? ఆ అరుపు వస్తే విడిచిపెట్టాలి అనే కదా. 2023 జులై 20న ఒకసారి, ఆగస్టు 17న ఒకసారి, తర్వాత రాష్ట్రానికో రోజు, దేశంలో కోట్లమందికి ఈ పాఠమే చెప్పారు. పట్నంలో వాళ్లు మొదట ఫోను హ్యాకయిందా అని భయపడ్డారు, మర్నాటికి జోకులేసుకున్నారు. మా తమ్ముడూ వేశాడు. ఆ జులైలో కోలారు మార్కెట్టులో 15 కిలోల టమాట బాక్సు రెండు వేలు దాటింది. కోతల వేళకు ధర కూలింది. "అది కూలేముందు ఇట్ల అరిచుంటే బాగుండు గదన్నా" అన్నాడు. ఆ జోకు మాత్రం నాకు ఇప్పటికీ సగం నిజమే అనిపిస్తుంది.

మీరు చేసిన పని చిన్నదని అనడం లేదు. ఈ హెచ్చరిక ఎట్లా పనిచేస్తుందో అడిగి తెలుసుకున్నాను. మామూలు మెసేజీ అయితే ఒక్కో నంబరు వెదుక్కుంటూ పోవాలి, లక్షలమందికి ఒకేసారి పంపితే దారిలోనే ఇరుక్కుంటుంది. దీనికి నంబర్లతో పనే లేదు. టవరు ఒక్కసారి కేక వేస్తుంది, దాని కింద ఉండి, వినగలిగిన ఫోన్లన్నీ వింటాయి. ఊరికి కొత్తగా వచ్చినవాడి ఫోనూ వింటుంది. మన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ వాళ్లే దీన్ని తయారుచేశారని తెలిసి సంతోషించాను. వింటుంటే నాకు మా ఊరి తమటె, అదే తప్పెట, గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు చెరువు తూము ఎత్తుతున్నా, కోడి, అంటే అలుగు, పోతున్నా 'తోటి' అని పిలిచే ఊరి పనివాడు తమటె కొట్టి చాటేవాడు. ఆ పనిని కులం పేరుతో వాళ్ల మెడకు కట్టారు, కాబట్టి దాన్ని పొగడబోవడం లేదు. ఆ మనిషి పనితనం మాత్రం చెప్పాలి. వీధి మొదట్లో నాలుగు దెబ్బలు కొట్టేవాడు. ఎవరో ఒకరు గడపలోకి వచ్చిందాకా ఆగేవాడు. అప్పుడు చెప్పేవాడు, నీళ్లు ఎప్పుడొస్తాయి, గొడ్లను ఎక్కడినుంచి తోలుకు రావాలి, ఏ దారి పట్టొద్దు. లోపలినుంచి "ఆఁ, ఇనబడిందిలే" అని పలికితేనే ముందుకు పోయేవాడు. తలుపేసిన ఇల్లుంటే రెండోసారి కొట్టేవాడు. చెరువు నీళ్లు చూసుకునే నీరుగంటి వెనకే వచ్చి ఎవరికి అందలేదో అడిగేవాడు. టవరు మాత్రం కేక వేసి ఊరుకుంటుంది, పలికారా లేదా అని ఆగదు. కానుగ చెట్టుకు ఊరకే వేలాడిన ఆ రెండు సంచుల సంగతి ఇప్పటిదాకా ఎవరూ మమ్మల్ని అడగలేదు.

ఒకటి పెద్దావిడదే, బటన్ ఫోను. రెండోది అప్పటికి కొత్తదే, ఆ మధ్యే కొన్నది. లోపం ఫోనుదో, సిమ్ముదో, టవరుదో, మా చేలో సిగ్నలుదో నేను చెప్పలేను, చెప్పడమూ నా పని కాదు. బటన్ ఫోన్లు సైతం ఈ హెచ్చరికను అందుకునేలా ఉండాలని 2023లోనే నియమం వచ్చింది. కానీ ఆ పెద్దావిడ ఫోను ఆ నియమానికంటే ముసలిది. కొడుకు వాడి వదిలేసింది, రబ్బరు బ్యాండు తీస్తే బ్యాటరీ ఊడి పడుతుంది.

ఇట్లాంటివి మనకే జరుగుతాయని కాదు. అదే ఏడాది ఏప్రిల్ 23న బ్రిటన్ దేశమంతటికీ ఒకేసారి ఈ పరీక్ష పెట్టింది. కొందరికి చెప్పిన గంటకంటే ముందే మోగింది, ఒక కంపెనీ ఖాతాదారుల్లో చాలామందికి మోగనే లేదు. వేల్స్‌లో ఇంగ్లీషుతో పాటు వాళ్ల సొంత భాషలోనూ పంపారు. అందులో 'సురక్షితం' అనాల్సిన చోట 'వోగెల్' అని పడింది. వోగెల్ అంటే స్లొవేనియాలో మంచు మీద జారే ఆటకు జనం పోయే కొండ. మిమ్మల్ని మీరు కాపాడుకోండి అని చెప్పబోయి ఎక్కడో కొండకు దారి చూపించారు. వాళ్లు నవ్వుకున్నారు, కోపగించుకున్నారు. ఒక మాటైతే నిజం, తప్పుగా పడినా అది వాళ్ల భాష. అమెరికాలోని హవాయిలో 2018 జనవరి 13న జరిగింది నవ్వే విషయం కాదు. పరీక్ష అనుకున్నది నిజమైన హెచ్చరికగా ఫోన్లకు పోయింది, క్షిపణి వస్తోందని. అది అబద్ధమని మళ్లీ ఫోన్లకు చెప్పడానికి 38 నిమిషాలు పట్టింది. గవర్నరుకు ముందే తెలుసు, కానీ ట్విట్టర్‌లో చెబుదామంటే ఖాతాలోకి పోయే దారి గుర్తుకు రాలేదట.

ఇక భాష సంగతి. కోలారులో తెలుగువాళ్లున్నారు, వాళ్లకు తెలుగు అక్షరాల్లో మెసేజీ పంపండి అని నేను అడుగుతాననుకుంటారేమో. అడగను. మాకు తెలుగు నోట్లో ఉంది, కంట్లో లేదు. నా పిల్లలు తెలుగులో పోట్లాడుకుంటారు, తెలుగులో కల కంటారు, తిరుపతి బస్సు బోర్డు మాత్రం చదవలేరు. చదివిన చదువంతా కన్నడం. చేలో ఉన్న ఐదుగురిలో ముగ్గురికి ఏ అక్షరమూ రాదు. వాళ్లకు కన్నడంలో రాసినా ఒకటే, ఇంగ్లీషులో రాసినా ఒకటే. కాబట్టి ఫోను పలకాలి. అరిచి ఊరుకోకుండా, అరిచిన వెంటనే మనిషి గొంతుతో ఒక కన్నడం మాట, ఒక తెలుగు మాట చెప్పాలి. బంగారు గనుల ఊరు కేజీఎఫ్ వైపు తమిళం మాట కూడా. ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు పోతే తెలుగు ఇంకా ఎక్కువ. వేమగల్, నరసాపురం ఫ్యాక్టరీల దగ్గర అద్దె గదుల్లో ఉండే కుర్రాళ్లను అడిగితే ఒడియా, బెంగాలీ, హిందీ అంటారు. అన్నీ ఒకే టవరు కింద ఉన్నాయి.

కష్టమంటారా? మా ఊరి పారిశ్రామికవాడలో కూర్చిన ఉపగ్రహం, టీశాట్-1ఏ, 2024 ఏప్రిల్‌లో అంతరిక్షానికి పోయింది. భూమిని ఫొటోలు తీయడం దాని పని. వేమగల్‌లో చేసిన కన్ను పైనుంచి వేమగల్‌ను చూడగలిగితే, వేమగల్ ఆడమనిషికి ఆమె మాటలో నాలుగు ముక్కలు చెప్పడం కష్టమని నేను నమ్మను.

మాకు ఇక్కడ ఏం ఉపద్రవాలు, సముద్రమా, తుఫానా అని ఆ మధ్య ఒకాయన అన్నాడు. కోలారంటే కరువు జిల్లా, అదీ నిజమే. కానీ 2018 నుంచి బెంగళూరు వాడిన నీళ్లను శుద్ధి చేసి మా చెరువులకు తోలుతున్నారు. ఎండిన చెరువుకు వాన వస్తే పండుగ, నిండుగా ఉన్న చెరువుకు వస్తే గుబులు. 2021 నవంబరులో చూశాం, ఎన్నేళ్లుగానో కోడి పోని చెరువులు కోడి పోయాయి, కోతకొచ్చిన టమాట చేలల్లోనే కుళ్లింది. పిడుగులు ఏటా ఉన్నాయి. అవి ఎక్కువగా పడేది చేలో ఉన్నవాళ్ల మీద, చెట్టు కిందికి పరుగెత్తినవాళ్ల మీద. ఆ రోజు మా ఐదుగురూ ఫోను అరుపు విని చివరికి పోయింది ఎక్కడికో గుర్తు చేసుకోండి. కానుగ చెట్టు కిందికే.

అరుపు వింటే ఏం చేయాలో తెలిసినవాళ్లూ ఈ జిల్లాలోనే ఉండేవాళ్లు. మా మామగారు కేజీఎఫ్‌లో పనిచేశాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేదాకా అక్కడే. ఛాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్ల పైమాటే. అంత లోతున రాయి పగిలితే పైన ఇళ్లలో గిన్నెలు కదిలేవట. షిఫ్టు సైరనుకు ఆడవాళ్లు పొయ్యి దగ్గరినుంచి కదిలేవాళ్లు కాదు. అదే సైరను వేళ కాని వేళ మోగితే పొయ్యి మీద ఉన్నది ఉన్నట్టే వదిలి గని వాకిటికి పరుగెత్తేవాళ్లట. రోజూ విన్న సైరను కాబట్టే తేడా వాళ్లకు తెలిసింది. మోగితే ఎక్కడికి పోవాలో కూడా తెలుసు. దాన్ని పట్టించుకోవద్దని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

అందుకే, ఈసారి పరీక్ష పెట్టేటప్పుడు ఆ 'పట్టించుకోవద్దు' అన్న మాట తీసేయండి. దాని బదులు ఒక చిన్న పని చెప్పండి. చెట్టు కింద ఉంటే బయటికి రండి అనండి. పక్కనున్నవాళ్ల ఫోను మోగిందా అడగండి అనండి. లేదా ఒక మీట నొక్కమనండి, మీకు లెక్కయినా తెలుస్తుంది. మోగనివాళ్లు నొక్కలేరు కదా అంటారేమో. వాళ్ల సంగతి పక్కవాళ్లకు తెలుసు. పాల డైరీలో ఒక పుస్తకం పెడితే సాయంత్రానికి ఊరి లెక్క తేలుతుంది, పాలు పోయడానికి అందరం అక్కడికే పోతాం. రోజు ముందే చెప్పండి, పేపర్లో కాదు, డైరీ మైకులో, రేషను అంగట్లో.

ఆ పెద్దావిడ ఇప్పటికీ కోతకు వస్తుంది. సంచి అదే కొమ్మకు తగిలిస్తుంది, ఫోనూ అదే. మీకు జాబు రాస్తున్నానని మొన్న చెబితే, మళ్లీ ఎప్పుడు అరిపిస్తారో అడగమంది. ఆ రోజుకు చార్జింగు పెట్టి, రబ్బరు బ్యాండు కొత్తది వేసి తెస్తుందట.

ఇట్లు,
వేమగల్ నుంచి ఒక టమాట రైతు