దెయ్యం ముసుగులో భూమి బేరం

గోల్డ్ సిటీ అనే పాడుబడ్డ గని ఊళ్లో ఓ ముసలి గని కార్మికుడి దెయ్యం తిరుగుతోంది. దాని దెబ్బకి విడిదికొచ్చే అతిథులు మానేశారు. యజమాని బేరం ఎత్తేసే స్థితిలో ఉన్నాడు. దారి తప్పి అక్కడికి చేరిన నలుగురు టీనేజీ పిల్లలు, వాళ్ల వెంట ఓ పెద్ద కుక్క, గనిలోకి దిగి ఆ దెయ్యాన్ని పట్టుకుంటారు. ముసుగు లాగితే లోపలున్నవాడు అక్కడే పనిచేసే హాంక్. గనిలో చమురు ఉందని వాడొక్కడికే తెలిసింది. జనాన్ని తరిమేస్తే ఆ నేల చవగ్గా చేతికొస్తుందని లెక్క వేసుకున్నాడు.

అమెరికాలో సీబీఎస్ చానల్ 1969 సెప్టెంబర్ 13న మొదలుపెట్టిన ‘స్కూబీ డూ, వేర్ ఆర్ యూ!’లో ఒక భాగం ఇది. శనివారం పొద్దున్నే పిల్లల కోసం వేసిన ఈ కార్టూన్ తొలి రూపంలో వచ్చినవి 25 భాగాలే. ఆ పాత్రలతో కొత్త సిరీస్‌లూ సినిమాలూ మాత్రం యాభై ఏళ్లు దాటినా ఆగలేదు. మన ఇళ్లలో కార్టూన్ నెట్‌వర్క్ ముందు కూర్చుని దీన్ని చూసిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లలకు చూపిస్తున్నారు.

ఇంత ఆయుష్షు ఎక్కణ్నుంచి వచ్చింది? స్కూబీ అనే ఆ కుక్క ముద్దుగా ఉంటుంది, నలుగురిలో ఒకడైన షాగీ తిండియావ నవ్విస్తుంది అని చెప్పి ఊరుకుంటే చాలదు. ఈ కార్టూన్‌ను తీసిన హన్నా బార్బెరా సంస్థే ఇదే మూసలో ‘స్పీడ్ బగ్గీ’, ‘జాబర్‌జా’ వంటివి వరసగా తీసింది. కుర్రకారూ, వాళ్లకో వింత నేస్తం, ఓ చిక్కుముడి అన్నీ వాటిలోనూ ఉన్నాయి. స్కూబీకి దక్కిన బతుకు వాటికి దక్కలేదు.

ఇది పుట్టిన కాలాన్ని చూడాలి. 1960ల చివర్లో అమెరికన్ టీవీలో శనివారం కార్టూన్లంటే తన్నులాటల వీరులే. పిల్లల కళ్ల ముందు ఇంత హింస ఏమిటని తల్లిదండ్రులు సంఘాలు పెట్టి మరీ నిలదీశారు. కొట్లాట లేని ఉత్కంఠ కావాలని సీబీఎస్‌లో ఆ కార్యక్రమాలు చూసే ఫ్రెడ్ సిల్వర్‌మన్ అడిగితే జో రూబీ, కెన్ స్పియర్స్ అనే ఇద్దరు రచయితలు ఈ కథ అల్లారు. తొలి చిత్రాలు చూసిన సీబీఎస్ అధ్యక్షుడు ఫ్రాంక్ స్టాంటన్, పిల్లలు జడుసుకుంటారని తోసిపుచ్చాడు. భయాన్ని తగ్గించడానికే, ఓ పక్కనున్న కుక్కను ముందుకు తెచ్చారు. ఫ్రాంక్ సినాట్రా పాట చివర అర్థం లేకుండా తీసే కూనిరాగంలోంచి సిల్వర్‌మన్ దానికి పేరు పెట్టాడు. నిజంగా భయపెట్టే కథలోకి నవ్వు వచ్చింది ఇలా. తర్వాత కథకు ఆ నవ్వే ఊపిరైంది.

ఆ కుక్కకు రూపమిచ్చినవాడు ఇవావ్ తకమోతో. గ్రేట్ డేన్ జాతి కుక్క ఎంత ఠీవిగా ఉండాలో, వీపు ఎంత తిన్నగా, కాళ్లు ఎంత నిటారుగా ఉండాలో, ఆ జాతిని పెంచే సహోద్యోగినిని అడిగి తెలుసుకున్నాడు. ఆమె చెప్పినదానికి అన్నిటా విరుద్ధంగా గీశాడు: వంగిన వీపు, దొడ్డి కాళ్లు, పెద్ద గడ్డం. లోపాలన్నీ పోగేసి ప్రపంచమంతా ప్రేమించే జంతువును చేశాడు.

తకమోతో 1925లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడు. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేశాక, పశ్చిమ తీరంలోని జపనీస్ సంతతివారిని సుమారు 1,20,000 మందిని అమెరికా ప్రభుత్వం ఇళ్లలోంచి లేపి శిబిరాల్లో పెట్టింది. అందులో ఎక్కువమంది ఆ దేశంలో పుట్టిన పౌరులే. టీనేజీ కుర్రాడైన తకమోతో మాంజనార్ శిబిరానికి చేరాడు. బొమ్మలు గీయడంలో మెళకువలు అక్కడే, తోటి బందీల దగ్గర నేర్చుకున్నాడు. బయట ఆ కుటుంబాల పొలాలూ దుకాణాలూ కారుచవగ్గా చేతులు మారాయి. జపనీస్ రైతులను పోటీగా చూసిన కొన్ని వ్యవసాయ సంఘాలు ఆ తరలింపు కోసం గట్టిగా పట్టుబట్టాయి కూడా. స్కూబీ కథలు రాసింది తకమోతో కాదు కాబట్టి ఆయన జీవితాన్ని కథలకు అంటగట్టడం సరికాదు. అయినా, పుట్టిన ఊళ్లోనే బూచిగా ముద్రపడ్డ మనిషి చేతిలోంచి ఈ కుక్క వచ్చిందని తెలిశాక నేను ఆ బొమ్మను మునుపటిలా చూడలేకపోతున్నాను.

ఈ కథల్లో దెయ్యాలకు పాత పగలు లేవు, తీరని కోరికలు లేవు. ఉన్నవి లావాదేవీలు. మొట్టమొదటి భాగంలో నల్ల కవచం తొడుక్కున్నవాడు మ్యూజియం అధికారి. అసలు చిత్రాలు అమ్ముకుని నకిలీలు వేలాడదీస్తున్నాడు. సముద్రంలోంచి మెరుస్తూ లేచొచ్చే కెప్టెన్ దెయ్యం పడవల దొంగ. పాడుబడ్డ విమానాశ్రయం దగ్గర అంతరిక్ష భూతమై తిరిగేవాడు భూమి కోసం ఎత్తు వేసిన పొరుగువాడు. ఎనిమిదేళ్ల పిల్లకు ఇంతకన్నా సూటిగా ఆర్థికశాస్త్రం ఎవరు చెప్పగలరు? ఇక్కడికి రావద్దు, వస్తే చస్తావు అని ఎవరైనా అంటే, నేను రాకపోతే లాభం ఎవరికని అడగడం ఆ పిల్లకు అలవాటవుతుంది.

ధైర్యం విషయంలోనూ ఈ కార్టూన్ ఉదారంగా ఉంది. షాగీ, స్కూబీ పిరికివాళ్లు. మొదటి నుంచి చివరిదాకా వణుకుతూనే ఉంటారు. అందుకు వాళ్లను ఎవరూ వెలివేయరు, మార్చాలని చూడరు. వాళ్లు పరిగెత్తి పరిగెత్తి చివరికి దెయ్యాన్ని వలలో పడేస్తారు. వాళ్ల జట్టులోని వెల్మా ఆధారాలు ఏరుతుంది. భయపడేవాళ్లూ ఆలోచించేవాళ్లూ ఒకే వ్యానులో తిరుగుతారు. చీకటంటే జంకే పిల్లలకు ఇది పెద్ద ఊరట. ముసుగు ఊడుతుందని ముందే తెలుసు కాబట్టి భయాన్ని కళ్లు మూసుకోకుండా చూస్తారు. అదే కథను పదిసార్లు అడుగుతారు.

1985లో వచ్చిన సిరీస్‌లోనూ, 1998 నాటి ‘స్కూబీ డూ ఆన్ జాంబీ ఐలాండ్’ సినిమాలోనూ దెయ్యాలను నిజం చేశారు. రెండోది చక్కగా తీసిన సినిమా, అభిమానులు చాలామంది దాన్నే ఉత్తమమంటారు. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. దెయ్యం నిజమైన క్షణాన వెల్మాకు పని పోతుంది. శాస్త్రవేత్త కార్ల్ సేగన్ ‘ది డీమన్ హాంటెడ్ వరల్డ్’ పుస్తకంలో, అతీంద్రియ శక్తుల కబుర్లను ఒక్కొక్కటిగా పరీక్షించి మామూలు కారణాలు చూపించే సిరీస్ పెద్దవాళ్లకు కావాలని, పిల్లల కోసం ఆ పని స్కూబీ డూ చేస్తోందని రాశాడు. అంతటి శాస్త్రవేత్త ఈ కార్టూన్‌ను గుర్తుచేసుకున్నది అందులో దెయ్యాలు అబద్ధం కాబట్టే.

మన సంగతికొద్దాం. 1980లలో తెలుగు వారపత్రికలు చేతబడి, క్షుద్రపూజల సీరియళ్లతో లక్షల చేతుల్లోకి వెళ్లాయి. పల్లెల్లో బాణామతి నెపంతో ముసలివాళ్లను, ఒంటరి ఆడవాళ్లను కొట్టి చంపిన వార్తలు ఇంకా వస్తున్నాయి. వాటిలో కొన్నిటి వెనక పొలం గట్టు తగాదానో ఆస్తి పంపకమో బయటపడుతోంది. ఆ ముసుగు లాగే పిల్లల కథలు మనకు తెలుగులో బొత్తిగా చాలడం లేదు. మన చెరువు గట్టు మీద, మన పాడుబడ్డ రైసుమిల్లులో, మన మాటలో నడిచే కథలు కావాలి. రచయితలారా, పిల్లలను భయపెట్టండి, నవ్వించండి, చివరి పేజీలో ముసుగు లాగి లోపల ఎవరున్నారో, వాడికి ఏం కావాలో చూపించండి. అలాంటి కథలు పంపండి, మా పిల్లల పేజీల్లో వాటికే మొదటి చోటు.