పదికి పది మళ్లీ రాకూడదు

ఒలింపిక్స్ వచ్చిన ప్రతిసారీ దాని వెంట ఒక మాట కూడా వస్తుంది. "నాదియా కొమనేచి రోజుల్లో జిమ్నాస్టిక్స్ అంటే జిమ్నాస్టిక్స్. పదికి పది పడిందంటే ఆ అందమే వేరు. ఇప్పుడేముంది? గాల్లోకి ఎగరడం, గిరగిరా తిరగడం, చివర్లో అర్థం కాని దశాంశాలు." ఆటలు తెలిసినవాళ్లూ అంటారు, తెలియనివాళ్లూ అంటారు. 2024 పారిస్ తర్వాత ఈ మాటకు ఇంకా బలం వచ్చింది. మహిళల ఫ్లోర్ ఫైనల్లో కాంస్యం ఎవరిదన్న తగువు కోర్టుదాకా వెళ్లేసరికి "చూశారా, కొత్త మార్కుల పద్ధతి నిర్వాకం" అన్నవాళ్లే ఎక్కువ.

నేను ఈ ఆట అభిమానిని. ఆ అభిమానంతోనే చెబుతున్నాను, ఈ మాట తప్పు. 2006లో అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య పది అనే గరిష్ఠాన్ని తీసేసి, విన్యాసాల కష్టానికీ, వాటిని చేసిన తీరుకూ విడివిడిగా మార్కులు వేసి కలపడం ఈ ఆటకు జరిగిన పెద్ద మేలు. ఇప్పుడున్న లోపాలకు మందు పాత పదిలో లేదు.

ముందు మాంట్రియల్ ఒలింపిక్స్ సంగతే చూద్దాం. 1976 జులై 18న పద్నాలుగేళ్ల రొమేనియా అమ్మాయి నాదియా బార్స్ మీద నుంచి దిగాక స్కోరుబోర్డు మీద 1.00 అని పడింది. 10.00 చూపించే ఏర్పాటు ఆ బోర్డుకు లేదు. ఈ కథ అందరికీ తెలుసు. ఆమె ఆ రోజు చేసింది కంపల్సరీ రొటీన్ అన్న సంగతి మాత్రం ఎవరూ గుర్తు చేయరు. అంటే ఏ దేశపు అమ్మాయి అయినా అవే విన్యాసాలు, అదే వరసలో చెయ్యాలి. అందరూ ఒకటే చేస్తున్నప్పుడు, ఇంతకంటే శుభ్రంగా చెయ్యడం సాధ్యం కాదు అని తేల్చి పదికి పది వెయ్యొచ్చు. అక్కడ ఆ అంకెకు అర్థం ఉంది. కానీ ఎవరికి వారు సొంతంగా కూర్చుకున్న రొటీన్ సంగతేమిటి? ఒకమ్మాయి ఎనిమిది కష్టమైన విన్యాసాలు పేర్చుకుంది, ఇంకొకమ్మాయి అంతకు రెట్టింపు కష్టమైనవి పేర్చుకుంది. ఇద్దరూ తప్పు లేకుండా చేశారు. ఇద్దరికీ పదే. ఇందులో రెండో అమ్మాయికి జరిగిన న్యాయం ఏమిటి? కంపల్సరీలను 1996 అట్లాంటా ఒలింపిక్స్ తర్వాత ఎత్తేశారు. దాంతో పదికి ఉన్న ఒక్క ఆధారమూ పోయింది. అయినా ఇంకో పదేళ్లు ఆ అంకెను పట్టుకు వేలాడారు.

మన తెలుగువాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. పదో తరగతికి మార్కులు తీసేసి గ్రేడ్లు పెట్టిన ఏళ్లు గుర్తున్నాయి కదా. వేలమందికి పదికి పది జీపీఏ. ప్రతి బడి గోడమీదా పదుల ఫ్లెక్సీలే. ఆ పదుల్లో అసలు ఎవరు ఎంత చదివారో కన్నతల్లిదండ్రులకు కూడా తెలిసేది కాదు. చివరికి మళ్లీ మార్కులకే వచ్చాం. జిమ్నాస్టిక్స్‌లోనూ జరిగింది ఇదే. 1988 సియోల్‌లో పదులు పంచిపెట్టినట్టు పడ్డాయి. ఆల్ అరౌండ్ స్వర్ణం సోవియట్ అమ్మాయి యెలెనా షుషునోవాకు 79.662, రజతం రొమేనియా అమ్మాయి డానియెలా సిలివాష్‌కు 79.637. అంటే 0.025 తేడా. ఇద్దరూ పైకప్పుకు తల తగిలేలా నిలబడి ఉంటే ఎవరు పొడుగో కొలిచేదెలా?

ఆ రోజుల్లో తీర్పులు అందరికీ ఆమోదంగా ఉండేవన్నది ఇంకో అపోహ. 1980 మాస్కోలో అదే నాదియా బీమ్ మీద రొటీన్ ముగించాక స్కోరు కోసం దాదాపు అరగంట నిలబడింది. స్వర్ణానికి 9.95 కావాలి. జడ్జీలు తగువులాడుకుని చివరికి 9.85 ఇచ్చారు. స్వర్ణం ఆతిథ్య దేశపు ఎలెనా దావిదోవాకు వెళ్లింది. ఆ పదోవంతు ఎక్కడ కోశారు, ఏ విన్యాసానికి కోశారు అన్నది చూసేవాళ్లకు తెలిసే దారే లేదు. పదిని తలుచుకుని నిట్టూర్చేవాళ్లు ఆ అరగంటను ఎందుకు తలుచుకోరు?

2004 ఏథెన్స్ అంతకన్నా ఘోరం. హై బార్ ఫైనల్లో రష్యా జిమ్నాస్ట్ అలెక్సీ నెమోవ్ బార్ వదిలి గాల్లోకి లేచి మళ్లీ పట్టుకునే విన్యాసాలు ఆరు చేశాడు. 9.725 వేశారు. హాలు హాలంతా లేచి ఈలలు, కేకలు. పోటీ నిమిషాల తరబడి ఆగిపోయింది. జడ్జీలు జంకి దాన్ని 9.762 చేశారు. జనం అప్పటికీ ఊరుకోలేదు. చివరికి నెమోవే ముందుకొచ్చి జనాన్ని శాంతించమని చేతులతో సైగ చేయాల్సి వచ్చింది. అతనికి దక్కింది ఐదో స్థానం. అంత సాహసానికి పదిలోపు చోటే లేదు మరి. అదే ఏథెన్స్‌లో పురుషుల ఆల్ అరౌండ్‌లో కొరియా జిమ్నాస్ట్ యాంగ్ టే-యంగ్ ప్యారలల్ బార్స్ రొటీన్‌ను పదికి బదులు 9.9 నుంచి లెక్కకట్టారు. ఆ 0.1 కలిసి ఉంటే స్వర్ణం అతనిది. దక్కింది కాంస్యం. స్వర్ణం అమెరికాకు చెందిన పాల్ హామ్‌కు వెళ్లింది. కోర్టుకు వెళితే, అభ్యంతరం సకాలంలో చెప్పలేదన్నారు. పారిస్‌లో పతకం కోర్టుకెక్కడం కొత్త పద్ధతి తెచ్చిన చెడు అనేవాళ్లు ఇరవై ఏళ్ల కిందటి ఈ సంగతి చదవాలి. నిజానికి కొత్త పద్ధతి పుట్టిందే ఏథెన్స్ పరువు పోయాక.

ఇక కొత్త పద్ధతి అందాన్ని చంపి కష్టానికి కిరీటం పెట్టిందన్న అసలు ఆరోపణ. దీనికి జవాబు పారిస్ ఫ్లోర్ ఫైనలే.

2024 ఆగస్టు 5, బెర్సీ అరీనా. అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ ఎడమ పిక్కకు పట్టీ చుట్టుకుని దిగింది. ఆమె పేరుతోనే ఉన్న ఒక విన్యాసం ఎలా ఉంటుందంటే, వెనక్కి రెండు పిల్లిమొగ్గలు వేస్తూ, ఆ రెండింటి లోపలే ఒళ్లు మూడు చుట్లు మెలితిప్పి, పాదాల మీద దిగాలి. నేల మీద నుంచి లేచిన క్షణానికీ దిగిన క్షణానికీ మధ్య మనం సరిగ్గా ఊపిరి కూడా తీసుకోం. ఇలాంటివి పేర్చుకున్న ఆమె రొటీన్ కష్టానికి 6.9. పోటీలో మరెవరికీ అంత లేదు. కానీ ఆ వేగం అదుపు తప్పి రెండుసార్లు పన్నెండు మీటర్ల చదరం గీత దాటి రెండు పాదాలూ బయట పడ్డాయి. ఒక్కోదానికి 0.3 చొప్పున 0.6 పోయింది. చేసిన తీరుకు 7.833. మొత్తం 14.133.

బ్రెజిల్ అమ్మాయి రెబెకా ఆంద్రాదే కష్టం 5.9 మాత్రమే. బైల్స్ కంటే నిండుగా ఒక పాయింటు తక్కువ. మోకాలి లిగమెంట్ మూడుసార్లు తెగి, మూడుసార్లు ఆపరేషన్ చేయించుకున్న అమ్మాయి ఆమె. కానీ ప్రతి ల్యాండింగ్ దగ్గరా మోకాళ్లు మెత్తగా ముడుచుకుని నేలను పట్టుకున్నాయి. ఎక్కడా తొట్రుపాటు లేదు, సంగీతంతో ఒళ్లు విడిపోలేదు. చేసిన తీరుకు 8.266. మొత్తం 14.166. స్వర్ణం ఆమెది.

కష్టమే గెలుస్తుంది అన్నవాళ్లు ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ప్రపంచంలో అత్యంత కష్టమైన రొటీన్‌ను, అంత కష్టం లేకున్నా శుభ్రంగా చేసిన రొటీన్ ఓడించింది. ఎందుకు ఓడించిందో ఇంట్లో కూర్చున్న నేను కూడిక, తీసివేతతో తేల్చుకోగలను. ఆ మధ్యాహ్నమే బీమ్ ఫైనల్లో బైల్స్, ఆమె జట్టు సహచరి సుని లీ ఇద్దరూ కింద పడ్డారు, ఇటలీ అమ్మాయి అలీచె డమాటో నిలబడి గెలిచింది. పాత పద్ధతిలో పడితే 0.5 పోయేది. ఇప్పుడు పూర్తిగా ఒక పాయింటు పోతుంది. మరి తప్పుల్ని తేలిగ్గా తీసుకునేది ఏ పద్ధతి?

ఇక కాంస్యం తగువు. అమెరికా అమ్మాయి జోర్డన్ చైల్స్‌కు మొదట 13.666 వేశారు. ఒక గెంతుకు పూర్తి విలువ ఇవ్వలేదని కోచ్ ప్రశ్నించారు. జడ్జీలు మళ్లీ చూసి 0.1 కలిపారు. 13.766తో ఐదో స్థానం నుంచి మూడో స్థానానికి వచ్చింది. అప్పటికే జాతీయ జెండా ఎత్తుకుని సంబరం చేసుకుంటున్న రొమేనియా అమ్మాయి ఆనా బర్బోసు 13.700తో కిందికి జారింది. తర్వాత క్రీడా ఆర్బిట్రేషన్ కోర్టు, ఆ ప్రశ్న నిమిషం గడువు దాటి నాలుగు సెకన్లు ఆలస్యంగా వచ్చిందని పాత స్కోరునే నిలబెట్టింది. ఆ ఇద్దరమ్మాయిలనూ తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. అయితే ఇక్కడ విరిగిందేమిటి? ఆ గెంతు విలువ మీద కోర్టులో తగువే లేదు. విరిగింది గడియారం. ఒక్క నిమిషం గడువు పెట్టి, ఆ నిమిషం దాటిందో లేదో అక్కడికక్కడే తేల్చే ఏర్పాటు సమాఖ్య చేసుకోలేదు. కోర్టు తప్పుపట్టింది కూడా దీన్నే. గడియారం సరిచేసుకోండి. దానికోసం మార్కుల పద్ధతి మార్చమనడం, తలుపు గడియ పాడైందని ఇల్లు కూలగొట్టమన్నట్టు ఉంది.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. దాన్ని తేలిగ్గా కొట్టేయకూడదు. కష్టానికి హద్దు లేకపోతే పిల్లలు ప్రాణాల మీదికి తెచ్చుకుంటారు అంటారు. మన దేశంలో ఈ మాటకు ఉదాహరణగా అగర్తలా అమ్మాయి దీపా కర్మాకర్‌నే చూపిస్తారు. 2016 రియోలో ఆమె చేసిన ప్రొదునోవా వాల్ట్‌కు "చావు వాల్ట్" అని పేరు పెట్టారు. చేతులు టేబుల్‌కు ఆనించి ముందుకు రెండు పిల్లిమొగ్గలు వేసి, నేల ఎక్కడుందో కనపడకుండానే దిగాలి. మెడమీద పడితే అంతే. దీప దిగీ దిగగానే కిందికి కుంగి, నేలమీద కూర్చున్నంత పనైంది. అయినా 15.266. రెండు వాల్ట్‌ల సగటు 15.066. కాంస్యం 0.150 తేడాతో తప్పింది.

భయం నిజమే. కానీ పదికి పది ఉన్న రోజుల్లో పిల్లలు భద్రంగా ఉన్నారా? 1978 ప్రపంచ చాంపియన్ ఎలెనా ముఖినా 1980 జులైలో మిన్‌స్క్‌లో, విరిగిన కాలు పూర్తిగా మానకముందే, ప్రమాదకరమైన థామస్ సాల్టో సాధన చేస్తూ మెడ విరగ్గొట్టుకుంది. మెడ కిందినుంచి చచ్చుబడిపోయి, 2006లో చనిపోయేదాకా అలాగే బతికింది. 1988లో టోక్యోలో అమెరికా అమ్మాయి జులిసా గోమెజ్ వాల్ట్ మీద కాలు జారి పడి పక్షవాతానికి గురైంది, 1991లో కన్నుమూసింది. ఇద్దరూ పది కోసం పోటీపడిన కాలం వాళ్లే. పోటీలో వెనకబడకూడదన్న ఒత్తిడి పదిలోపూ ఉంది, పదిపైనా ఉంది. ఇప్పుడున్న తేడా ఏమిటంటే, ప్రతి విన్యాసానికీ బహిరంగంగా రాసిన విలువ ఉంది కాబట్టి, ప్రమాదం అనుకున్నదానికి ఆ విలువ తగ్గించవచ్చు. రియోలో 7.0 ఉన్న ప్రొదునోవాను ఆ తర్వాత 6.4కు తగ్గించారు. 2019లో బైల్స్ బీమ్ డిస్‌మౌంట్‌కు ప్రమాదమన్న కారణంగానే అనుకున్నదానికంటే తక్కువ విలువ ఇచ్చారు. ఆ నిర్ణయం నాకు నచ్చలేదు, అంత కష్టాన్ని అలా తక్కువ చేయకూడదు. కానీ అది కాగితం మీద ఉంది, దానితో పోట్లాడవచ్చు.

అందం గురించి ఒక్క మాట ఒప్పుకుంటాను. ఈ రోజు చాలా ఫ్లోర్ రొటీన్లలో నాట్యం అతుకుల బొంతలా ఉంటోంది. మూలకు నడవడం, ఊపిరి తీసుకోవడం, పరుగెత్తడం. కళాత్మకత లోపిస్తే కోయాల్సిన మార్కులు నిబంధనల్లో ఉన్నాయి. జడ్జీలు వాటిని ధైర్యంగా కోయడం లేదు. కోయమని అడుగుదాం. అమెరికా కాలేజీ పోటీల్లో పది ఇంకా ఉంది. 2019లో కేట్లిన్ ఒహాషి ఫ్లోర్ రొటీన్ వీడియో ప్రపంచమంతా తిరిగి "ఇదీ జిమ్నాస్టిక్స్ అంటే" అనిపించింది. నాకూ అది ప్రాణం. కానీ ఆ ఆనందం ఆ అమ్మాయి ఒంట్లోంచి వచ్చింది, పదిలోంచి రాలేదు. పైగా కాలేజీ రొటీన్ల కష్టం ఒలింపిక్స్ దరిదాపుల్లో ఉండదు. అక్కడ పది సరిపోతుంది. ఒలింపిక్స్‌లో, అల్జీరియా తరఫున దిగిన పదిహేడేళ్ల కేలియా నెమూర్ బార్స్ మీద 15.700 తెచ్చుకుని ఆఫ్రికాకు జిమ్నాస్టిక్స్‌లో తొలి ఒలింపిక్ పతకం, అదీ స్వర్ణం, గెలిచిన చోట, సరిపోదు.

నేను కోరేది ఒకటే. రొటీన్ ముగిసిన వెంటనే టీవీ తెర మీద మొత్తం ఒక్కటే పడేసి ఊరుకోవద్దు. కష్టం ఎంత, చేసిన తీరు ఎంత, కోసింది ఎంత, ఏ విన్యాసానికి విలువ ఇవ్వలేదు, ఇవన్నీ చూపించాలి. వ్యాఖ్యాతలు ఆ అంకెల్ని చదివి వివరించాలి. ఇది మన పత్రికలకూ వర్తిస్తుంది. 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో మన హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణారెడ్డి వాల్ట్‌లో 13.649తో కాంస్యం గెలిచింది. ప్రపంచకప్ జిమ్నాస్టిక్స్‌లో వ్యక్తిగత పతకం తెచ్చిన తొలి భారతీయురాలు. రేపు అలాంటి మరో అమ్మాయి వార్త రాసేటప్పుడు పతకం రంగుతో ఆపేయకండి. ఆమె వాల్ట్ పేరు, దాని కష్టం విలువ, చేసిన తీరుకు పడిన మార్కు రాయండి. గెలిచిన అమ్మాయి లెక్క కూడా పక్కనే వేయండి. ఎంత దూరం వచ్చిందో, ఇంకెంత వెళ్లాలో చదివేవాళ్లు లెక్కవేసుకుంటారు.